బిల్డ్ ఫోల్డర్‌ను ఎప్పుడు, ఎంతవరకు తుడిచెయ్యాలి?

బిల్డ్ సర్వర్‌లో (ప్రోగ్రాములు కట్టే కంప్యూటర్‌లో) డిస్క్ నిండిందని మెయిల్ రాగానే ఎవరో ఒకరు పాత ఫోల్డర్లు తీసేయడం, మర్నాడు ఇంకెవరో వచ్చి తమ ఫైళ్ళు కనబడటం లేదని గొడవపడటం ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ (పరికరాల లోపల నడిచేది) చేసే ఆఫీసుల్లో మామూలే. విశాఖపట్నంలో, మధురవాడ కొండ మీద ఉన్న మా చిన్న ఆఫీసులోనూ ఇదే తంతు. రొయ్యల ఎగుమతిదారుల శీతల గిడ్డంగుల్లో ఉష్ణోగ్రత నమోదు చేసే పెట్టెలకు మేము సాఫ్ట్‌వేర్ రాస్తాం. పెట్టెలో ఉండేది ఆర్మ్ రకం ప్రాసెసర్ ఉన్న ఒక చిన్న బోర్డు, దాని మీద లైనక్స్. కంపైల్ చేసేది, అంటే రాసిన కోడ్‌ను (సోర్స్‌ను) ప్రాసెసర్‌కు అర్థమయ్యే బైనరీగా మార్చేది మాత్రం ఆఫీసులోని ఇంటెల్ సర్వర్ మీద. కాబట్టి క్రాస్ కంపైల్ చెయ్యడం (ఒక రకం ప్రాసెసర్ మీద ఇంకో రకం ప్రాసెసర్ కోసం కంపైల్ చెయ్యడం), దాని వెనుక మిగిలే చెత్తతో కుస్తీ పట్టడం మాకు రోజువారీ పని. బిల్డ్ తాలూకు అనవసరపు ఫైళ్ళను తీసేయడాన్ని చాలామంది డిస్క్ ఖాళీ చేసుకునే వ్యవహారంగానే చూస్తారు. నా లెక్క వేరు. గిడ్డంగిలో గోడకు బిగించిన పెట్టెలో ఇప్పుడు నడుస్తున్న బైనరీ ఏ సోర్స్ నుంచి, ఏ కంపైలర్‌తో, ఏ ఆప్షన్లతో తయారైందో అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి. ఎక్కడో మిగిలిపోయిన పాత ఫైలు ఒక్కటి చాలు, ఆ జవాబు అబద్ధమైపోవడానికి. డిస్క్ సంగతి ఆ తర్వాత.

ఏ ఫైళ్ళు మళ్ళీ కంపైల్ చెయ్యాలో చూసుకునే మేక్ అనే పనిముట్టు పుట్టుకలోనే ఈ గొడవ ఉంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ దాన్ని రాయడానికి కారణం, తోటి ఉద్యోగి స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా వృథా చేసుకుని, తిట్టుకుంటూ ఆయన గదిలోకి రావడం. ప్రోగ్రాములో తప్పును జాన్సన్ అప్పటికే దిద్దేశారు. కానీ దిద్దిన ఫైలు మళ్ళీ కంపైల్ కాకపోవడంతో పాత ఆబ్జెక్ట్ ఫైలే (ఒక్కో సోర్స్ ఫైలు నుంచి కంపైలర్ తయారు చేసే ముక్క) లింకైంది, అంటే తుది ప్రోగ్రాములో అతుక్కుంది, ఆయనేమో లేని తప్పును వెతుక్కుంటూ కూర్చున్నారు. అందుకు మందుగా వచ్చిన మేక్ సూత్రం చాలా చిన్నది: సోర్స్ ఫైలు సమయం ఆబ్జెక్ట్ ఫైలు సమయం కన్నా కొత్తదైతే మళ్ళీ కంపైల్ చెయ్యి, లేకపోతే ముట్టుకోకు. ఒకే యంత్రం మీద, ఒకే కంపైలర్‌తో పనిచేసేవారికి ఈ సూత్రం దాదాపుగా సరిపోయింది. క్రాస్ కంపైలింగ్‌లో సరిపోదు. ఆబ్జెక్ట్ ఫైలు ఏ కంపైలర్ నుంచి వచ్చిందో, ఏ ఆప్షన్లతో వచ్చిందో మేక్‌కు తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచనా దానికి లేదు. దానికి కావలసింది గడియారం ఒక్కటే.

మొన్నామధ్య విజయనగరం నుంచి రోజూ వచ్చిపోయే ఒక కుర్రాడు మా దగ్గర కొత్తగా చేరాడు. టెస్టులు నడుపుకోవడానికి సోర్స్ ఫోల్డర్‌లోనే మామూలు జీసీసీ కంపైలర్‌తో (సర్వర్ కోసమే కంపైల్ చేసేది) ఒకసారి కంపైల్ చేసుకుని, ఆ తర్వాత ఒకే ఒక్క ఫైలు మార్చి, ఆర్మ్ కంపైలర్ పేరిచ్చి మళ్ళీ మేక్ కొట్టాడు. ఫైలు ఫార్మాట్ తెలియడం లేదంటూ ఆబ్జెక్ట్ ఫైళ్ళను అతికించే లింకర్ ఆగిపోయింది.

“కంపైలర్ పాడైనట్టుంది సార్, తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసీమంటారా?” అన్నాడు.

“దాని జోలికి పోకు బాబూ. ముందు ఆ డాట్ ఓ ఫైళ్ళ మీద ఫైల్ అనే కమాండ్ కొట్టి చూడు,” అన్నాను.

కొట్టాడు. డాట్ ఓతో ముగిసే ఆబ్జెక్ట్ ఫైళ్ళ జాబితాలో, వరుసగా ఈఎల్ఎఫ్ (లైనక్స్ బైనరీల ఫార్మాట్) 64-బిట్, ఎక్స్86-64 (ఇంటెల్ రకం) అని వచ్చిన పేర్ల మధ్య ఒక్క ఫైలు మాత్రం ఈఎల్ఎఫ్ 32-బిట్, ఆర్మ్ అని వచ్చింది. అతను మార్చిన ఫైలు అదే. రీడ్‌ఈఎల్ఎఫ్ అనే కమాండ్‌తో హెడర్ తెరిపించి చూపించాను కూడా: ఏ ప్రాసెసర్ కోసమన్నది ఆబ్జెక్ట్ ఫైలు మొదట్లోనే ఒక సంఖ్యగా రాసి ఉంటుంది, ఆర్మ్‌కు 40, ఎక్స్86-64కు 62, 64-బిట్ ఆర్మ్‌కు 183. ఆ సంఖ్యను లింకర్ చదువుతుంది కాబట్టి ఆగింది. మేక్ చదవదు కాబట్టి ముందుకు తోసేసింది. అతను ఏ ఫైలూ మార్చకుండా మేక్ కొట్టి ఉంటే, చెయ్యడానికి పనేమీ లేదని చెప్పి అది ఊరుకునేది. ఆ ఎక్స్86 బైనరీయే బోర్డు మీదకు వెళ్ళి, అక్కడ ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అని ఆగిపోయేది.

నన్నడిగితే ఇది మర్యాదస్తుడైన ఎర్రర్. తలుపు తట్టి మరీ చెబుతుంది. ప్రమాదమంతా ఒకే ప్రాసెసర్ కోసం రెండు రకాల ఆప్షన్లతో తయారైన ఫైళ్ళు కలిసిపోయినప్పుడు వస్తుంది. మా పెట్టెల్లో నాలుగు సెన్సర్ల మోడల్ ఒకటి, ఎనిమిది సెన్సర్ల మోడల్ ఒకటి ఉన్నాయి. ఆ సంఖ్య మేక్‌ఫైలు (మేక్ చదివే నియమాల ఫైలు) నుంచి కంపైలర్‌కు ఆప్షన్‌గా వెళుతుంది, దాన్ని బట్టి ఒక స్ట్రక్చర్ (విలువలను వరుసగా పేర్చి ఉంచే డేటా అమరిక) పరిమాణం మారుతుంది. నాలుగు సెన్సర్ల మోడల్ కోసం కంపైలైన కొన్ని ఆబ్జెక్ట్ ఫైళ్ళు ఎనిమిది సెన్సర్ల బిల్డ్‌లో మిగిలిపోయాయనుకోండి, సగం కోడ్ ఆ స్ట్రక్చర్‌ను ఒక పొడవుతో, మిగతా సగం ఇంకో పొడవుతో చదువుతుంది. రెండూ ఆర్మ్ ఫైళ్ళే కనుక లింకర్ నోరు మెదపదు. ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ సంఖ్యల లెక్క) పద్ధతి తేడా అయితే ఆర్మ్ లింకర్ పట్టుకుంటుంది, ఎందుకంటే ఆ వివరం ఆబ్జెక్ట్ ఫైలులోనే నమోదై ఉంటుంది. మన సొంత స్ట్రక్చర్ పొడవు అలా లింకర్ సరిచూసే చోట నమోదు కాదు. ఘనీభవించిన రొయ్యలను మైనస్ 18 డిగ్రీల దగ్గరో, అంతకన్నా కిందో ఉంచాలి. ఆ అంకె రావలసిన చోట పక్క సెన్సర్ సవరణ విలువ వచ్చి కూర్చుంటే, తెర మీద చూడటానికి అదీ ఉష్ణోగ్రతలాగే కనబడుతుంది. ఆవకాయ జాడీలో ఒక్క తడి గరిటె పడితే ఏమవుతుందో ఇక్కడా అంతే. పైకి బూజు కనబడేసరికి ఆలస్యమైపోతుంది.

దీనికి మందు లేకపోలేదు. లైనక్స్ కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) బిల్డ్ విధానంలో ప్రతి ఆబ్జెక్ట్ ఫైలు పక్కన చుక్కతో మొదలయ్యే ఒక సీఎండీ ఫైలు పుడుతుంది. ఆ ఆబ్జెక్ట్‌ను ఏ కమాండ్‌తో తయారు చేశారో పూర్తి వాక్యం అందులో ఉంటుంది. తర్వాతి బిల్డ్‌లో ఆ వాక్యం మారితే, సోర్స్ మారకపోయినా సరే, ఫైలు మళ్ళీ కంపైలవుతుంది. మేక్ లాంటి మరో పనిముట్టు నింజా కూడా కమాండ్ల జాడను తన లాగ్‌లో ఉంచుకుని ఇదే పని చేస్తుంది. చేత్తో రాసుకున్న చిన్న మేక్‌ఫైళ్ళలో ఈ ఏర్పాటు ఉండదు, మన ఆఫీసుల్లో ఎక్కువగా నడిచేవి అవే.

“ఎందుకొచ్చిన గొడవండీ, ప్రతిసారీ మేక్ క్లీన్ కొట్టి మొదలుపెడితే పోలా?” అని అడిగేవాళ్ళున్నారు. సీనియర్లే ఎక్కువ అడుగుతారు. ఈ అలవాటును నేను ఒప్పుకోను. మొదటిది, తయారైన ఫైళ్ళను తీసేసే ఈ క్లీన్ అన్నది కూడా ఎవరో చేత్తో రాసిన నియమమే. తనకు తెలిసిన ఫైళ్ళనే అది తీసేస్తుంది. ఒక సోర్స్ ఫైలు పేరు మార్చినా, ప్రాజెక్టు నుంచి తీసేసినా, దాని ఆబ్జెక్ట్ ఫైలు క్లీన్ జాబితాలో నుంచి కూడా మాయమవుతుంది, డిస్క్ మీద మాత్రం ఉండిపోతుంది. స్టాటిక్ లైబ్రరీ (ఆబ్జెక్ట్ ఫైళ్ళ మూట) అయితే మరీ మోసం చేస్తుంది. దాన్ని కట్టే ఏఆర్ కమాండ్, అప్పటికే ఉన్న లైబ్రరీలో కొత్త ఆబ్జెక్టులను చేరుస్తుంది, ఉన్నవాటిని మారుస్తుంది. మనం చెప్పకుండా దేన్నీ తీసెయ్యదు. మీరు మానేసిన ఫైలులోని ఫంక్షన్ ఆ లైబ్రరీలో అలాగే ఉండి, ఎవరైనా పొరపాటున దాన్ని పిలిస్తే హాయిగా లింకవుతుంది. కొత్త ఫోల్డర్‌లో కంపైల్ చేసినవాడికి మాత్రం ఆ ఫంక్షన్ లేదని ఎర్రర్ వస్తుంది. అప్పుడు “నా దగ్గర పనిచేస్తోందే” అన్న పాత పాట మొదలవుతుంది.

రెండోది కర్నెల్ విషయం. అక్కడ క్లీన్, ఎమ్మార్‌ప్రాపర్, డిస్ట్‌క్లీన్ అని మూడు అంచెలు ఉన్నాయి. క్లీన్ కంపైలైనవాటిని తీసేసి, కాన్ఫిగ్ ఫైలునూ (కర్నెల్‌లో ఏమేం ఉండాలో ఎంచుకున్న జాబితా), బయటి మాడ్యూళ్ళు (కర్నెల్‌కు తర్వాత జోడించే ముక్కలు) కట్టడానికి కావలసినవాటినీ వదిలేస్తుంది. ఎమ్మార్‌ప్రాపర్ కాన్ఫిగ్‌ను కూడా ఊడ్చేస్తుంది. డిస్ట్‌క్లీన్ ఎడిటర్ వదిలిన నకళ్ళు, ప్యాచ్ మిగుళ్ళు కూడా తీసేస్తుంది. క్రాస్ కంపైల్ చేసేవారు మరిచిపోయేది ఏమిటంటే, క్లీన్ కొట్టేటప్పుడు కూడా ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) పేరు చెప్పాలి. చెప్పకపోతే అది మన సర్వర్ ఆర్కిటెక్చర్ అనుకుని అటువైపు శుభ్రం చేస్తుంది, ఆర్మ్ ఫోల్డర్‌లోని ప్రత్యేకమైన ఫైళ్ళు కదలవు. అదే ఫోల్డర్‌లో ఆర్కిటెక్చర్ పేరు లేకుండా మేక్ కొడితే నష్టం ఇంకా ఎక్కువ. ఎన్నాళ్ళగానో బోర్డుకు తగినట్టు దిద్దుకున్న కాన్ఫిగ్ ఎక్స్86 కోసం తిరగరాయబడుతుంది. ఎమ్మార్‌ప్రాపర్‌లో ఇంకో మెలిక ఉంది. మాడ్యూళ్ళ మీద డిజిటల్ సంతకానికి కర్నెల్ తనంతట తాను తయారు చేసుకున్న కీని కూడా అది చెరిపేస్తుంది. తర్వాతి బిల్డ్‌లో కొత్త కీ పుడుతుంది. సంతకాలను కచ్చితంగా సరిచూసే కర్నెల్ అయితే, పాత కీతో సంతకం చేసిన మాడ్యూల్‌ను లోపలికి రానివ్వదు. ఉత్పత్తిలో వాడే కీని బిల్డ్ ఫోల్డర్‌లో ఉంచకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం వేరే ఉంది. మేక్ క్లీన్ కొట్టగానే సమస్య పోయిందంటే, మేక్‌ఫైలులో ఏదో ఆధారం (ఏ ఫైలు దేని మీద ఆధారపడుతుందో) రాయడం మరిచారన్నమాట. ఆ సంగతి తెలుసుకోవలసిన క్షణంలోనే దాని ఆనవాళ్ళన్నీ తుడిచేసి, టీ తాగడానికి వెళ్ళిపోతాం. జ్వరానికి కారణం చూడకుండా మాత్ర వేసుకునే అలవాటున్న మనకు ఇది సహజంగానే అనిపించవచ్చు.

మరి ఏం చెయ్యాలి? సోర్స్ ఉన్న చోట ఏదీ కంపైల్ చెయ్యకూడదు, అంతే. ప్రతి బోర్డుకూ, ప్రతి టూల్‌చైన్‌కూ (కంపైలర్, లింకర్ వగైరాల కట్టకు), డీబగ్ (తప్పులు వెతికే) బిల్డ్‌కూ, విడుదల బిల్డ్‌కూ విడివిడి ఫోల్డర్లు సోర్స్ బయట ఉండాలి. శుభ్రం చెయ్యడమంటే ఆ ఫోల్డర్‌ను మొత్తంగా తీసేయడమే కావాలి. అప్పుడు క్లీన్ నియమం సరిగా రాశారా లేదా అన్న ప్రశ్నే రాదు. జీసీసీ వాళ్ళు తమ కంపైలర్‌ను వేరే ఫోల్డర్‌లోనే కట్టమని గట్టిగా సిఫారసు చేస్తారు. టూల్‌చైన్‌ను మొదటి దఫా, రెండో దఫా అని రెండుసార్లు కట్టుకునేవారు, మొదటి దఫా ఫోల్డర్‌ను రెండో దఫాకు వాడితే కాన్ఫిగర్ (కట్టేముందు యంత్రాన్ని పరిశీలించే స్క్రిప్టు) గుర్తుపెట్టుకున్న పాత జవాబులు కొత్త కంపైలర్‌లోకి చొరబడతాయి. లైనక్స్‌ను సోర్స్ నుంచి కట్టడం నేర్పే లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకం ప్రతి ప్యాకేజీ తర్వాత విప్పిన సోర్స్ ఫోల్డర్‌ను తీసేయమని చెప్పేది అందుకే. కర్నెల్‌కు అవుట్‌పుట్ ఫోల్డర్ చెప్పే ఓ అనే ఆప్షన్ ఉంది. అది వాడినప్పుడు సోర్స్‌లో పాత బిల్డ్ మిగుళ్ళు కనబడితే, ముందు ఎమ్మార్‌ప్రాపర్ చేసుకురమ్మని చెప్పి కదలనంటుంది. ఆ మొండితనం నాకు నచ్చుతుంది. మేక్‌ఫైళ్ళను తయారు చేసిపెట్టే సీమేక్ అలా ఆపదు. కంపైలర్ ఏదన్నది మొదటిసారి కనుక్కుని క్యాష్ ఫైలులో రాసుకుంటుంది, ఆ తర్వాత టూల్‌చైన్ ఫైలు మార్చినా పాత మాట మీదే నిలబడుతుంది. 3.24 వెర్షన్ నుంచి ఫ్రెష్ అనే ఆప్షన్ వచ్చింది కానీ, నేనైతే ఫోల్డర్‌నే తీసేస్తాను.

ఇక గిట్ (సోర్స్ మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) క్లీన్. గిట్‌కు తెలియని ఫైళ్ళన్నీ ఒక్క వేటుతో తీసేసే ఈ కమాండ్‌కు ఎక్స్ ఆప్షన్ జోడిస్తే, గిట్‌ఇగ్నోర్‌లో (పట్టించుకోవద్దని చెప్పిన జాబితాలో) ఉన్నవి కూడా పోతాయి. ముందు ఎన్ ఆప్షన్‌తో ఏమేం పోతాయో జాబితా చూసుకోవడం మా ఆఫీసులో నియమం. ఇంకా కమిట్ చెయ్యని (గిట్‌లో దాచని) డివైస్ ట్రీ ఫైలు (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో చెప్పేది) ఆ జాబితాలో కనబడి చెయ్యి వెనక్కి తీసుకున్నవాళ్ళను చూశాను.

బిల్డ్ ఫోల్డర్ తీసేస్తే అంతా శుభ్రమైనట్టు కాదు. క్రాస్ కంపైలింగ్‌లో చెత్త ఎక్కువకాలం దాగేది సిస్‌రూట్‌లో. బోర్డు కోసం కంపైల్ చేసిన లైబ్రరీలు, హెడర్ ఫైళ్ళు అక్కడ ఇన్‌స్టాల్ అవుతాయి; ఏ ప్యాకేజీ క్లీన్ నియమమూ అక్కడిదాకా రాదు. నిరుడు తీసేసిన లైబ్రరీ అక్కడ ఉండిపోతే, ఈ రోజు కంపైలవుతున్న ఇంకో ప్యాకేజీ కాన్ఫిగర్ దాన్ని చూసి, ఉంది కదా అని దానితో లింకవుతుంది. బోర్డు మీదకు వెళ్ళే ఇమేజ్‌లో (తుది ఫైళ్ళ మూటలో) ఆ లైబ్రరీ ఉండదు, ప్రోగ్రాము మొదలే కాదు. లైబ్రరీలు కట్టడానికి వాడే లిబ్‌టూల్ వదిలే ఎల్ఏ ఫైళ్ళది మరో తరహా. అవి మామూలు టెక్స్ట్ ఫైళ్ళే. తెరిచి చూస్తే లైబ్రరీ ఉన్న చోటుగా స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ లిబ్ అని రాసి ఉంటుంది. బోర్డు దృష్టిలో ఆ దారి సరైనదే, కానీ కంపైల్ జరుగుతున్నది సర్వర్ మీద కాబట్టి లింకర్ వెళ్ళి సర్వర్ సొంత లైబ్రరీల తలుపు తడుతుంది. క్రాస్ కంపైలింగ్‌కు ఇవి హానికరమని చెప్పి లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్ వీటిని ఇన్‌స్టాల్ అయిన వెంటనే తీసేయిస్తుంది. చిన్న ఫైళ్ళు, స్థలం లెక్కలోకి రానివి. అయినా నా జాబితాలో ముందుగా పోవలసినవి ఇవే.

బోర్డుకు కావలసిన లైనక్స్ మొత్తాన్ని కట్టిపెట్టే బిల్డ్‌రూట్ ఈ విషయంలో నిజాయితీగా ఉంటుంది. కాన్ఫిగ్‌లో ఒక ప్యాకేజీని తీసేస్తే టార్గెట్ (బోర్డు కోసం తయారైన ఫైళ్ళ) ఫోల్డర్ నుంచి దాని ఫైళ్ళు వాటంతట అవి పోవని, మొదటి నుంచీ కట్టుకోవాలని దాని పుస్తకమే చెబుతుంది. టార్గెట్ ఫోల్డర్‌లో, ఇది మీ రూట్ ఫైల్‌సిస్టమ్ కాదు అన్న అర్థం వచ్చే పొడుగాటి పేరుతో ఒక ఫైలు కూడా పెడుతుంది, ఎవరూ దాన్ని నేరుగా కార్డు మీదకు కాపీ చెయ్యకుండా. అలాంటి పనే చేసే యోక్టోలో 2017లో వచ్చిన 2.3 విడుదల నుంచి ప్రతి రెసిపీకీ (ఒక ప్యాకేజీని కట్టే సూచనల ఫైలుకు) సొంత సిస్‌రూట్ తయారవుతోంది; తాను అడిగినవి తప్ప ఇంకేమీ దానికి కనబడవు. సరైన పరిష్కారం అదే. కాకపోతే డిస్క్ తినేస్తుంది.

ఇక్కడికి స్థలం గొడవ నిజంగానే వచ్చింది కాబట్టి రెండు మాటలు. మద్దిలపాలెం గదుల్లో ఉండే ఇంజనీరింగ్ కుర్రాళ్ళు 256 గిగాబైట్ల ల్యాప్‌టాప్‌తో యోక్టో మొదలుపెట్టి మూడో రోజుకు డిస్క్ నిండిందని వస్తారు. ఒకప్పుడు 50 గిగాబైట్ల ఖాళీ చాలన్న యోక్టో పత్రాలు తర్వాత 90, ఆ తర్వాత ఇంకా ఎక్కువ అడగడం మొదలుపెట్టాయి. ఆర్ఎమ్‌వర్క్ అనే క్లాసును కాన్ఫిగ్‌లో చేర్చుకుంటే, ఒక్కో ప్యాకేజీ పని పూర్తికాగానే దాని పని ఫోల్డర్ పోతుంది; మనం ఇంకా తడుముతున్న ప్యాకేజీలను మినహాయించమని చెప్పే వీలూ ఉంది. డిస్క్ సగం ఖాళీగా ఉన్నా స్థలం లేదని ఎర్రర్ వస్తే, ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున డిస్క్‌లో ఉండే నమోదులు) అయిపోయాయేమో డీఎఫ్ కమాండ్‌కు ఐ ఆప్షన్ ఇచ్చి చూడాలి. లైనక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా ప్రతి 16 కిలోబైట్లకు ఒక ఐనోడ్ లెక్కన కేటాయిస్తుంది. బిల్డ్‌లు పుట్టించే లక్షలాది బుల్లి ఫైళ్ళకు ఒక్కోసారి అది చాలదు.

తీసేయకూడనివి ఏమిటో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఊపులో ఉన్నవాడు వాటినే ముందు తీసేస్తాడు, అవే పెద్దగా కనబడతాయి కాబట్టి. డౌన్‌లోడ్ ఫోల్డర్‌ను తీసి మళ్ళీ దించుకోవచ్చులే అనుకోవడం ఈ ఊళ్ళో ఉన్నవారికి తగదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక విశాఖలో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. కరెంటుకు జనరేటర్ ఉంటుంది, ఇంటర్నెట్‌కు ఉండదు. తుపాను సంగతి అటుంచినా, ఐదేళ్ళ కిందటి టార్‌బాల్ (సోర్స్ ఫైళ్ళ మూట) దొరికిన సైటు ఇప్పుడు ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా లైనక్స్ కర్నెల్ లైసెన్సైన జీపీఎల్ రెండో వెర్షన్ కింద, సోర్స్ ఇస్తామని రాతపూర్వకంగా చెప్పి పెట్టె అమ్మినవారు కనీసం మూడేళ్ళు ఆ మాటకు కట్టుబడి ఉండాలి. బిల్డ్‌ను నడిపే స్క్రిప్టులతో సహా ఇవ్వాలి. వెబ్‌సైటు మూతపడిందన్న సాకు అక్కడ చెల్లదు.

రెండోది, స్ట్రిప్ చెయ్యని బైనరీలు. బోర్డు మీదకు వెళ్ళేది డీబగ్ సమాచారం తీసేసిన చిన్న ఫైలు. ఆ సమాచారమున్న అసలు ఫైలు బిల్డ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఫోల్డర్ తీసేశాక ఏ గిడ్డంగి నుంచో క్రాష్ లాగ్ వస్తే, మన చేతిలో ఉండేవి కొన్ని హెక్స్ అడ్రసులు మాత్రమే. అసలు ఫైలు ఉంటే ఆడర్2లైన్ అనే కమాండ్ ఆ అడ్రసును సోర్స్‌లో ఫలానా ఫైలు, ఫలానా లైను అని చెప్పేస్తుంది. మళ్ళీ కంపైల్ చేసి ఆ ఫైలు తెచ్చుకోవచ్చు కదా అంటే, బైట్ తేడా లేకుండా అదే బైనరీ వస్తేనే ఆ అడ్రసులు నమ్మదగ్గవి. అందుకని ప్రతి విడుదలకూ కర్నెల్ వీఎమ్‌లైనక్స్ ఫైలు (స్ట్రిప్ చెయ్యని కర్నెల్), సిస్టమ్ మ్యాప్ (కర్నెల్ ఫంక్షన్ల అడ్రసుల జాబితా), కాన్ఫిగ్, మా ప్రోగ్రాముల స్ట్రిప్ చెయ్యని బైనరీలు, టూల్‌చైన్ మూట ఒకచోట చేర్చి, రాయడానికి అనుమతి తీసేసి దాచుతాం. పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు చేసే ఒక మిత్రుడు ఇది చాలదంటాడు. ఆయన కంపైల్ జరిగిన వర్చువల్ మెషీన్‌నే (కంప్యూటర్ లోపల నడిచే నకలు కంప్యూటర్‌ను) మొత్తంగా బీరువాలో పెట్టేస్తాడు. వైద్య పరికరానికి ఆ జాగ్రత్త సబబే కావచ్చు. కానీ చెత్తతో సహా దాచిన యంత్రం, బైనరీ ఎలా వచ్చిందో చెప్పదు, వచ్చిందని మాత్రమే చెబుతుంది. ఇందులో మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు.

పాత విడుదల ఫోల్డర్‌ను ఎప్పుడు తీసేయవచ్చన్న దానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. అదే ట్యాగ్‌ను (గిట్‌లో ఆ విడుదలకు గుర్తు పెట్టిన సోర్స్‌ను), దాచిన డౌన్‌లోడ్లతో, నెట్ తీసేసి, ఖాళీ ఫోల్డర్‌లో మళ్ళీ కడతాం. రెండు ఇమేజ్‌ల షా256 విలువలు (ఫైళ్ళ వేలిముద్రల్లాంటివి) కలవాలి. ఊరికే కలవవు. కర్నెల్ తన వెర్షన్ వాక్యంలో బిల్డ్ చేసిన సమయం రాస్తుంది, బోర్డును మొదలుపెట్టే యూ-బూట్ బ్యానర్‌లో కూడా సమయం ఉంటుంది, డీబగ్ సమాచారంలో ఫోల్డర్ దారి ఇరుక్కుంటుంది. కర్నెల్‌కు బిల్డ్ టైమ్‌స్టాంప్, యూ-బూట్‌కు సోర్స్ డేట్ ఎపాక్ అనే వేరియబుళ్ళను కమిట్ సమయానికి కట్టేస్తే మొదటి రెండూ కుదురుకుంటాయి; జీసీసీ 8 నుంచి ఉన్న ఫైల్ ప్రిఫిక్స్ మ్యాప్ ఆప్షన్‌తో దారులు కుదురుతాయి. ఇంకా తేడా ఉంటే డిఫోస్కోప్ అనే పనిముట్టు అది ఎక్కడో చూపిస్తుంది. విలువలు కలిసిన విడుదలల ఫోల్డర్లను నెలాఖరున క్రాన్ (వేళకు తనంతట తాను నడిచే) స్క్రిప్టు తీసేస్తుంది. కలవనివి, డిస్క్ నిండిందని మెయిల్ వచ్చినా సరే, అలాగే ఉంటాయి.